పిల్లి మనకి దూరమా, మనం పిల్లికి దూరమా?

ఇవాళ నేను పిల్లుల చరిత్ర గురించి నాలుగు మాటలు చెప్పబోతున్నాను. నవ్వకండి. రాజుల చరిత్ర, రాజ్యాల చరిత్ర చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మన సోఫా కింద దూరి కూర్చున్న ప్రాణికి కూడా దాదాపు పదివేల ఏళ్ళ చరిత్ర ఉంది. పైగా అందులో కొంత భాగం, మనం బతుకుతెరువు కోసం వచ్చిన ఈ అరబ్బు నేలకి దగ్గర్లోనే జరిగింది.

ఇక్కడ అజ్మాన్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిసినప్పుడు ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వింటున్నాను. "వేళకి తిండి పెడుతున్నాం, ఇసుక మారుస్తున్నాం, డాక్టరుకి చూపిస్తున్నాం. అయినా పిలిస్తే రాదు, ఎత్తుకుంటే దూకి పారిపోతుంది. దానికి మేమంటే ప్రేమ లేదాండీ?" అని. పక్కింటి వాళ్ళ కుక్క తోక ఊపుకుంటూ ఎదురొస్తుంటే ఈ బాధ ఇంకా ఎక్కువవుతుంది. దీనికి జవాబు పిల్లి పుట్టుపూర్వోత్తరాల్లోనే ఉందని నా అభిప్రాయం.

ఇంటిపిల్లి ఎవరి సంతతి అన్నదాని మీద 2007లో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. 979 పెంపుడు పిల్లుల, అడవిపిల్లుల డి.ఎన్.ఎ. పోల్చి చూసి, ప్రపంచంలోని ఇంటిపిల్లులన్నీ ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి వంశమేనని తేల్చారు. మన ఊళ్ళల్లో జంగపిల్లి అంటామే, అది వేరే జాతి. ఈ లిబికా పశ్చిమాసియాలోనూ ఆఫ్రికాలోనూ ఉంటుంది. దాని అరేబియా రకం ఎమిరేట్స్‌లోనూ ఒమన్‌లోనూ కొండల్లో, ఎడారి అంచుల్లో ఇప్పటికీ బతుకుతోంది. మన అజ్మాన్ ఎమిరేట్‌కి చెందిన మస్ఫూత్ వైపు సరదాగా వెళ్ళినవాళ్ళు హజర్ కొండలు చూసే ఉంటారు. అలాంటి కొండలే దాని ఇల్లు. ఊళ్ళ నుంచి వెళ్ళిన పిల్లులతో కలిసిపోయి దాని జాతి పల్చబడిపోవడమే ఇప్పుడు దానికున్న పెద్ద ప్రమాదం. అంటే ఆ అడవిపిల్లికీ మనింటి పిల్లికీ మధ్య దూరం అంత తక్కువన్నమాట.

ఈ అడవిపిల్లి ఒంటరి వేటగత్తె. ఎలుక, బల్లి, చిన్న పిట్ట దాని ఆహారం. ఒక ఎలుక ఒక పిల్లికే చాలదు, ఇక పదిమందితో కలిసి వేటాడి పంచుకునేదేముంది? తోడేలు సంగతి అలా కాదు. అది గుంపుగా పెద్ద జంతువుని పడగొడుతుంది. గుంపులో పెద్ద ముఖం చూసి మనసు తెలుసుకోవాలి, పిలిస్తే రావాలి. కుక్క ఆ తోడేలు సంతతి కాబట్టి మనుషుల గుంపులో తేలిగ్గా ఇమిడిపోయింది. పిల్లి వంశంలో పిలిచేవాళ్ళూ లేరు, పిలిస్తే వెళ్ళాల్సిన అవసరమూ లేదు. అక్కడ సమాచారమంతా వాసనలతోనే. ఎవరి ఎల్లలు వాళ్ళవి.

మరి అలాంటిది మనింటికి ఎలా వచ్చింది? ఎవరూ తీసుకురాలేదు, అదే వచ్చింది. పశ్చిమాసియాలో మనుషులు గోధుమ, బార్లీ పండించి గాదెల్లో దాచుకోవడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి. ఎలుకల కోసం పిల్లి చేరింది. గింజలు తినదు, మనిషి జోలికి రాదు, ఎలుకల్ని తింటుంది. అందుకని రైతు తరమలేదు. కుక్కకి కాపలా, ఎద్దుకి కాడి నేర్పినట్టు పిల్లికి ఎవరూ ఏమీ నేర్పలేదు. దాని పని దానికి పుట్టుకతోనే వచ్చు.

సైప్రస్ దీవిలో షిల్లూరోకాంబోస్ అనే చోట సుమారు 9500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. ఆ సంగతి 2004లో ప్రపంచానికి తెలిసింది. అందులో ఒక మనిషి, నలభై సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది నెలల వయసున్న ఒక పిల్లి. ఆ దీవిలో పిల్లులు సహజంగా లేవు. అంటే ఎవరో పడవలో ఎక్కించుకుని తెచ్చారు. అలాగని ఆనాడే ప్రతి ఇంట్లోనూ పిల్లి ఉందని అనుకోకూడదు. యూరప్ ఇంటిపిల్లులు ఉత్తర ఆఫ్రికా నుంచి దాదాపు రెండువేల ఏళ్ళ కిందటే వెళ్ళాయని 2025లో వచ్చిన పరిశోధన చెబుతోంది. ఈ మచ్చిక ఒక్కరోజులో, ఒక్కచోట పూర్తయిన పని కాదు.

దగ్గరితనానికి కూడా పాత సాక్ష్యాలున్నాయి. ఈజిప్టులో ఇంటి పిల్లి చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. నాకు దానికన్నా మనసుకి తగిలింది బెరెనికే కథ. ఎర్రసముద్రం ఒడ్డున రోమన్ల కాలపు రేవుపట్నం అది. మన దేశానికి ఓడలు అక్కడి నుంచి బయలుదేరేవి. అక్కడి గుడిలో ఒక జాడీ నిండా మన మిరియాలు, ఏడున్నర కిలోలు, తవ్వకాల్లో దొరికాయి. అదే ఊళ్ళో ఒకటి రెండు శతాబ్దాల నాటి పెంపుడు జంతువుల శ్మశానం ఉంది. 2021 నాటికి 585 జంతువులని లెక్కపెట్టారు. తొంభై శాతానికి పైగా పిల్లులే. కొన్నిటి మెడలో పూసల దండలున్నాయి. పళ్ళూడిపోయిన ముసలి జంతువులు కూడా వాటిలో ఉన్నాయి. పళ్ళు లేనిది అన్నాళ్ళు బతికిందంటే ఎవరో కూర్చుని మెత్తని తిండి పెట్టారన్నమాట. రేవుపట్నంలో, ఓడల మీద వచ్చి పోయే జనం మధ్యలో!

అరబ్బు సంప్రదాయంలో పిల్లికి ఉన్న గౌరవం మనం ఇక్కడ రోజూ చూస్తున్నదే. ప్రవక్త సహచరుల్లో ఒకరి పేరు అబూ హురైరా, అంటే పిల్లిపిల్ల తండ్రి అని అర్థం. ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండి పెట్టకా, తన తిండి తను వెతుక్కోవడానికి వదలకా చంపినందుకు నరకానికి పోయిందని ఒక హదీసు ఉంది. అయితే తిండి పెట్టు, లేదా స్వేచ్ఛగా వదులు అని కదా దాని సారం. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇక మన దేశం సంగతి. సింధు నాగరికత నాటి చన్హుదారోలో ఒక ఇటుక దొరికింది. తడి ఇటుక మీద పిల్లి పరుగెత్తిన అడుగులు, వాటి మీద కుక్క అడుగులు. నాలుగువేల ఏళ్ళ కిందటి వీధి గొడవ అలా మిగిలిపోయింది. మరి మన తెలుగు ఇంట్లో పిల్లి స్థానం ఏమిటి? గాదె దాన్ని రప్పించింది, ఉట్టి దాన్ని దూరం పెట్టింది. పాలూ వెన్నా అందకుండా దూలానికి ఉట్టి కట్టుకున్నాం. మన సామెతలు చూడండి. పిల్లి శాపాలకి ఉట్లు తెగవు, పిల్లికి ఎలుక సాక్ష్యం, పిల్లికి కూడా బిచ్చం పెట్టడు. ఎదురొస్తే వెనక్కొచ్చి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతాం. హితోపదేశంలో పిల్లి దొంగ సన్యాసి, మహాబలిపురం శిల్పంలోనూ దొంగ తపస్సు చేసే పిల్లే. కుక్కకి విశ్వాసం అనే బిరుదిచ్చిన మనం పిల్లికి ఒక పేరైనా పెట్టలేదు. ఎలుకలు పట్టించుకున్నాం, పెరట్లో ఉంచాం. ఇప్పుడు ఫ్లాట్‌లోకి తెచ్చుకుని, ఎందుకు దగ్గరకి రాదని అడుగుతున్నాం.

ఒక్క కథ మాత్రం పిల్లి వైపు నుంచి చదవాలి. తెనాలి రామలింగడి పిల్లి కథ అందరికీ తెలుసు. రాయలవారు పిల్లుల్ని పెంచమని ఇంటింటికీ ఆవునిస్తే, రామలింగడు మొదటిరోజే మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. మనం రామలింగడి తెలివికి నవ్వుకున్నాం. అందులో ఉన్న నిజం పిల్లిది. ఒక్కసారి దెబ్బ తగిలితే అది మర్చిపోదు. ఇంట్లో పిల్లి ఒక గదిలోకి రాకపోయినా, ఒక మనిషిని చూసి తప్పుకున్నా, అక్కడ ఏ వేడిపాలు తగిలాయో ఆలోచించుకోవాలి. బలవంతంగా స్నానం, తోక పట్టి లాగిన పిల్లాడు, వాక్యూమ్ క్లీనర్ మోత, ఏదైనా కావచ్చు.

శాస్త్రం చెప్పేది కూడా వినండి. పిల్లిపిల్ల రెండో వారం నుంచి ఏడో వారం లోపల మనుషుల చేతుల్లో పెరిగితే జీవితాంతం మనుషులంటే బెదరదు. ఆ రోజులు దాటాక వీధి నుంచి వచ్చినదానికి చాలా ఓపిక కావాలి. 2013లో జపాన్‌లో చేసిన ప్రయోగంలో పిల్లులు యజమాని గొంతుని గుర్తుపట్టాయి, చెవులు తిప్పాయి, కానీ లేచి రాలేదు. వినబడక కాదండీ, లేచి వెళ్ళడం దాని భాషలో జవాబు కాదు! 2019లో అమెరికాలో చూస్తే, పరీక్షించిన పిల్లుల్లో దాదాపు 65 శాతం పెంచినవాళ్ళనే ధైర్యంగా భావించాయి. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనడం అరుదు. తల్లిని పిలిచే ఆ పిలుపుని మన కోసం దాచుకున్నాయి. తోక నిలబెట్టి రావడం, కాలికి ఒళ్ళు రుద్దడం, మనల్ని చూసి నెమ్మదిగా కళ్ళు మూసి తెరవడం, ఒకే గదిలో నాలుగడుగుల దూరంలో పడుకోవడం, ఇవన్నీ దాని పలకరింపులే. పిల్లి మొదలుపెట్టినప్పుడు మనం స్పందిస్తే అది ఎక్కువసేపు మన దగ్గర ఉంటుందని, మనమే వెంటపడితే తొందరగా వెళ్ళిపోతుందని జూరిక్‌లో ఏళ్ళ తరబడి గమనించి చెప్పారు.

మా ఇంట్లో ఉన్నది రషీదియా వీధిలో దొరికిన పిల్లే. వచ్చాక మూడు వారాలు వాషింగ్ మెషీన్ వెనకే ఉంది. మేం గిన్నె పెట్టి, అక్కడే కింద కూర్చుని కూరలు తరుక్కునేవాళ్ళం, మా అబ్బాయి హోంవర్కు చేసుకునేవాడు. నాలుగో వారం అదే వచ్చి వాడి పాదం వాసన చూసింది. ఇప్పటికీ ఒళ్ళో కూర్చోదు. వాడి స్కూలు బ్యాగు మీద మాత్రం రోజూ పడుకుంటుంది.

ఇందాకటి హదీసు దగ్గరికి వద్దాం. మన ఫ్లాట్లలో పిల్లికి రెండో దారి లేదు. బయట జూలై ఎండ, కింద కార్లు. ఎలుకా లేదు, చెట్టూ లేదు, గోడా లేదు. అందుకని ఎక్కడానికి ఒక ఎత్తయిన చోటు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, గోళ్ళు గీరుకోవడానికి ఏదైనా, రోజూ పది నిమిషాలు తాడుతో వేటాట మనమే ఏర్పాటు చెయ్యాలి. పారిపోయే దారి ఉన్న పిల్లే దగ్గరకి వస్తుంది. ఒక హెచ్చరిక కూడా. ఇన్నాళ్ళూ దగ్గరున్న పిల్లి ఉన్నట్టుండి దూరమైతే, తిండి మానేస్తే, అది స్వభావం కాదు, జబ్బు కావచ్చు. నొప్పిని దాచుకోవడం దానికి అడవి నుంచి వచ్చిన అలవాటు. ముఖ్యంగా మగపిల్లికి మూత్రం రాకపోతే ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, మనలో చాలామందికి ఇక్కడి ఉద్యోగం ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. సామాను సర్దేటప్పుడు, "పిల్లికి ఇల్లే కావాలి, మనుషులు అక్కర్లేదు, కింద వదిలేస్తే అదే బతుకుతుంది" అనే మాట వినబడుతుంది. అది నిజం కాదు. ఇంట్లో పెరిగిన పిల్లి అజ్మాన్ వీధిలో వేసవి గడపలేదు. జంతువుల సంరక్షణ పెంచేవాళ్ళ బాధ్యత అని ఈ దేశంలో 2007 నుంచి సమాఖ్య చట్టం కూడా ఉంది. తీసుకెళ్ళేట్టయితే మైక్రోచిప్, రాబిస్ టీకా, అనుమతి పత్రాలు అన్నిటికీ వారాలు పడుతుంది, టిక్కెట్ల కన్నా ముందే మొదలుపెట్టండి. తీసుకెళ్ళలేకపోతే మంచి ఇల్లు చూసి, దాని పడక, గిన్నె, మీ వాసన ఉన్న ఒక పాత చీర ముక్క కూడా ఇచ్చి అప్పగించండి. ప్రేమ లేదు కదా అని నెపం మాత్రం దాని మీద వెయ్యకండి.