నోటిలోని ఆభరణం మార్పు – పాటించవలసిన జాగ్రత్తలు

చెవులు, ముక్కు కుట్టించడం తెలుగు ఇళ్లలో తరతరాల ఆచారం. ఆ నగలను మార్చడం ఇంటి పెద్దలకు బాగా తెలిసిన పని. నాలుకకు, పెదవికి కుట్టించుకొని నగ ధరించడం మాత్రం యువతలో ఇటీవలి దశాబ్దాలలో వ్యాపించిన అలవాటు. మురుగన్ కావడి మొక్కులలో నాలుకకు గుచ్చుకొనే చిన్న వేలాయుధాన్ని మొక్కు తీరగానే తీసివేస్తారు. ఈ నగ అలాగాక నెలల తరబడి నోటిలోనే ఉంటుంది. కావున ముక్కుపుడక మార్చిన అనుభవం ఒక్కటే ఇక్కడ చాలదు.

ఎప్పుడు మార్చవలెను?

కుట్టిన వెంటనే నాలుక వాస్తుంది. ఆ వాపుకు చోటు ఉండవలెనని మొదట పొడవైన కడ్డీ వేస్తారు. వాపు తగ్గిన పిమ్మట ఆ పొడవే హాని చేస్తుంది. కడ్డీ పళ్లకు తగిలి పింగాణి పొర చిట్లుతుంది. చిగుళ్లు అరిగి పంటి మొదలు బయటపడుతుంది. అరిగిన చిగురు తిరిగి పెరగదు. అందుచేత సాధారణంగా 2 నుండి 4 వారాల మధ్య, కుట్టినవారి చేతనే పొట్టి కడ్డీ వేయించుకోవలెను. పుండు పూర్తిగా మానడానికి నాలుకకు సుమారు 4 నుండి 8 వారాలు, పెదవికి 2 నుండి 3 నెలలు పడుతుంది. అంతవరకు స్వయంగా మార్చరాదు.

ఏ లోహం మంచిది?

శరీరంలో అమర్చడానికి తగిన శ్రేణి టైటానియం శ్రేష్ఠం. నికెల్ లేని 14 లేదా 18 క్యారెట్ల బంగారం కూడా పనికివస్తుంది. తెలుగువారు మెచ్చే 22 క్యారెట్ల బంగారం మెత్తనిది. మరలు త్వరగా అరుగుతాయి, గీతలలో క్రిములు చేరుతాయి. వెండి, గిల్టు నగలు నోటికి తగవు.

మార్చే విధానం

1. సబ్బుతో చేతులను 20 సెకన్లు కడిగి, నోరు పుక్కిలించవలెను.
2. క్రొత్త నగ ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసి మూసిన సంచిలోనిదై ఉండవలెను. నీటిలో మరిగించడం దానికి సాటి కాదు.
3. అద్దం ముందు నిటారుగా కూర్చోవలెను. పడుకొని మార్చరాదు, పూస గొంతులోకి జారవచ్చును.
4. శుభ్రమైన గాజుగుడ్డతో నాలుక తడి తుడిచి, క్రింది పూసను పట్టుకొని పై పూసను ఎడమకు త్రిప్పి విప్పవలెను.
5. క్రొత్త కడ్డీని వెంటనే దూర్చవలెను. నోటిలోని రంధ్రం కొద్దిసేపటిలోనే కుంచించుకుపోగలదు. దూరకపోతే బలవంతం చేయక, కుట్టినవారి వద్దకు వెళ్లవలెను.
6. పూసను కుడికి త్రిప్పి బిగించవలెను. బిగింపును ప్రతిదినం శుభ్రమైన చేతులతో పరీక్షించవలెను.

తరువాత కొన్ని దినాలు, కాచి చల్లార్చిన కప్పు నీటిలో పావు చెంచా ఉప్పు కలిపి పుక్కిలించవలెను. కారపు పచ్చళ్లు, జర్దా, గుట్కా, పొగ మానవలెను.

ప్రమాద సూచనలు

మింగిన పూస సాధారణంగా మలంతో బయటపడుతుంది. అయినను వైద్యునికి చెప్పవలెను. దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా పూస శ్వాసనాళంలో చేరినదని అనుమానించవలెను. గడ్డం క్రింద గట్టి వాపు, జ్వరం, మింగలేకపోవడం కనిపిస్తే వాపు శ్వాసమార్గాన్ని మూయగలదు. చీము పట్టినప్పుడు నగను స్వయంగా తీయరాదు. రంధ్రం మూసుకొని చీము లోపలనే నిలువవచ్చును. ఇట్టి సమయాలలో ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరవలెను. అంబులెన్సుకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనేగాక కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను 108 సంఖ్యయే.