దరఖాస్తు రాయడం కూడా మన చరిత్రే



పోయిన నెల మా హాస్టల్ల నీళ్ల గురించి ఒక దరఖాస్తు రాసినం. రెండు పేజీల నిండా అన్యాయం, వివక్ష, నిర్లక్ష్యం అన్న మాటలే. తీసుకున్న సారు చదివి, "ఎన్ని రోజుల నుంచి నీళ్లు వస్తలేవు? ఎంతమంది ఉంటరు? మోటారు కాలిందా, బోరు ఎండిందా?" అని అడిగిండు. మా కాగితంలో ఒక్కదానికీ జవాబు లేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నం. కోపం మా మీద మాకే వచ్చింది. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. దరఖాస్తు ఎట్ల రాయాలో చెప్పేటోళ్లు ఇంట్ల ఎవరున్నరు?

అప్పుడు మన జిల్లా చరిత్రే యాదికొచ్చింది.

నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి, తరతరాలుగా సాగు చేసుకుంటున్న గోండులను, కోలాములను వెళ్లగొట్టారు. మంచి భూములు బయటి నుంచి వచ్చినవాళ్ల పేర్ల మీద పట్టా అయ్యాయి. మనవాళ్ల చేతిలో కాగితం లేదు. ఆ భూమి కోసమే కుమ్రం భీం నిలబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు ఆయన, ఆయన తోటివాళ్లు నేలకొరిగారు. సర్కారుకు అది తిరుగుబాటుగానే కనబడింది.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకునే పనిని ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మన మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నారు. ఊరూరు తిరిగి, ఎవరి భూమి ఎట్ల పోయిందో అడిగి రాసుకున్నారు. ఆ నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి.

ఆయన చేసిన పనిలో రెండు భాగాలున్నాయి. మొదటిది తెలియజేయడం: ఏ ఊరు, ఎవరు, ఏం జరిగింది. రెండోది ఒప్పించడం: పట్టాలివ్వండి, గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపండి, వాళ్ల భాషలోనే చదువు చెప్పండి. సంగతులు ముందు పెట్టి, కోరికలు వెనుక పెట్టాడు. వాటిని తీర్చే అధికారం ఉన్నవాళ్లకే చెప్పాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. ఇవాళ మనం చెప్పుకునే 1/70 చట్టానికి చాలా ముందే, 1946లో, హైదరాబాద్ రాజ్యంలో గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది.

ఒక్క నివేదికతోనే ఇదంతా జరిగిందని మేం అనడం లేదు. జోడేఘాట్ల రక్తం కారకపోతే ఆయన్ను అక్కడికి పంపేవాళ్లే కాదు. కానీ ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. అదే బాధ మన పెద్దలు నోటితో చెబితే ఎందుకు వినలేదు? దూరదేశపు మనిషి కాగితం మీద పెడితే ఎందుకు విన్నారు? సర్కారుకు కాగితమే చెవి. ఆనాడు ఆ కాగితం రాసే చెయ్యి మనది కాదు. మార్లవాయిలో అక్షరం నేర్చిన మొదటి గోండు టీచర్ల నుంచే ఆ లోటు తీరడం మొదలైంది. ఇప్పుడు పెన్ను మన చేతిల ఉంది. అయినా లెక్క లేకుండా, తేదీ లేకుండా రాస్తే తప్పు మనదే.

మా దరఖాస్తు మళ్లీ రాసినం, ఈసారి ఒక్క పేజీ. నీళ్లు రాని తేదీలు, రూముకు ఎంతమంది, మోటారు కాలిన రోజు, మాకు ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. కింద అందరి సంతకాలు. నకలు మీద ముద్ర వేయించుకున్నం. ట్యాంకరు వచ్చింది. మోటారు ఇంకా రాలేదు, మళ్లీ పోతం.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీరూ ఒక పని చేయండి. మీ తాతను, అవ్వను కూర్చోబెట్టి మీ భూమి కథ అడగండి. ఊరు, పేరు, సంవత్సరం వేసి నోటుబుక్కులో రాయండి. పోడు పట్టా కోసం ఆఫీసుకు పోయే రోజున ఆ పేజీయే ముందు మాట్లాడుతుంది.

జై సేవా.