అసలు చిత్రము, చిక్కిన ప్రతి

పాలకుర్తి పేరు వినగానే బసవపురాణ కర్తయైన పాల్కురికి సోమనాథుడు జ్ఞప్తికి వచ్చును. పూర్వపు వరంగల్లు జిల్లాలోని ఈ ఊరు 2016 నుండి జనగామ జిల్లాలో చేరినది. దానికి చేరువనే బమ్మెర కలదు. అది పోతనగారి ఊరని ఆ సీమవారి నమ్మకము. ఈ ఇద్దరి గ్రంథములును శతాబ్దములపాటు తాటాకులమీదనే బ్రతికినవి. పోతన భాగవతములో కొన్ని భాగములు శిథిలము కాగా గంగన, సింగన, నారయ అనువారు పూరించిరి. పూరణము మంచిదే కావచ్చును. కాని అది పోతన రచన కాదు.

ప్రతి నిలిచిననాడును చిక్కు తీరలేదు. తాటాకుపై ‘ద’కును ‘ధ’కును భేదము ఒక చిన్న గీత. లేఖకుని గంటము అది తప్పినచో ఆ తప్పు తరువాతి ప్రతులన్నిటికిని ప్రాకును. అందుచేతనే సి. పి. బ్రౌను దొర ఒకే గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులచేత సరిచూపించెడివాడు. పిమ్మట ఛాయాగ్రహణము వచ్చినది. ఆరవ నిజాము కాలమున హైదరాబాదులో పేరుపొందిన లాలా దీనదయాళుగారు పెద్ద గాజుపలకలపై చిత్రములు తీసిరి. పలకను కాగితమునకు ఆనించి అచ్చు వేయుటచే పలకలోని సూక్ష్మములు చాలవరకు కాగితమునకు దిగెడివి. పలక పదిలముగా ఉన్నంతకాలము కొత్త అచ్చు తీయవచ్చును.

నేటి స్మార్టుఫోనులో పలక లేదు, అంకెలు కలవు. అడ్డము నాలుగువేలు, నిలువు మూడువేలు చుక్కలున్న చిత్రములో కోటి యిరువది లక్షల చుక్కలుండును. అంకెలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తి వ్రాసినచో నూరవ ప్రతియు మొదటిదానితో సమానమే. ఏ లేఖకునికిని దక్కని భాగ్యమిది. అట్లైన బంధువులు పంపిన పెండ్లి చిత్రము కంప్యూటరులో పెద్దది చేసి చూడగా మసకబారుట ఏల? దారిలో ఎవరో దానిని చిక్కదీసినారు గనుక.

ఈ పొదుపు విద్య చరిత్రలో ఒక తెలుగు పేరు కలదు. 1974 జనవరిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం’ అను గణితపద్ధతిని ప్రకటించిరి. అహ్మద్‌గారు బెంగుళూరున పుట్టినవారు. రావుగారి పూర్తిపేరు కామిశెట్టి రామమోహనరావు; అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో చిరకాలము బోధించి, 2021లో కీర్తిశేషులైరి. ఈ గణితము చిత్రములోని స్థూలమైన వెలుగునీడలను, సూక్ష్మమైన మార్పులను వేరుపరచును. కన్ను అంతగా పట్టించుకొనని సూక్ష్మమును కొంత విడిచినచో చోటు కలిసివచ్చును. 1992 నాటి జేపెగ్ ప్రమాణమునకు ఇదే పునాది. ఆ మువ్వురిని తప్పుపట్టుట న్యాయము కాదు; వారి విద్య లేకున్న మన ఫోనులలో ఇన్ని చిత్రములు పట్టెడివి కావు. చిక్కు ఎక్కడనగా, ఫోను ఒకసారి పొదుపు చేసినదానిని వాట్సాప్ వంటి సాధనము మరల కుదించును. చుక్కలనే తగ్గించి, నాలుగువేల అడ్డమును పదునారు వందలకు దింపినచో ఆరింట ఒక వంతుకన్నను తక్కువ మిగులును. 2023లో వచ్చిన ‘హెచ్‌డి’ ఏర్పాటు కొంత మేలే గాని, అదియు అసలు కాదు. శాసనమునో తాటాకునో ఫోనుతో తీసి ఇట్లు పంపినచో మొదట పోవునది ఆ ‘ధ’ గీతయే.

పోయిన సూక్ష్మమును కృత్రిమమేధతో తిరిగి తెప్పింతుమని కొందరందురు. అది తెచ్చునది ఊహయే. గంగన సింగనలు తాము పూరించిన స్కంధముల చివర తమ పేర్లు చెప్పుకొనిరి. ఈ యంత్రము ఆపాటి మర్యాదయు పాటింపదు.

కావున చిత్రమును తీగమార్గమున దింపుట మేలు. 1996లో వచ్చిన యూఎస్‌బీ ఇందుకు చాలును. ఆండ్రాయిడ్ ఫోనును కంప్యూటరునకు తగిలించి, తెరపై ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకొని, ‘డీసీఐఎం’ అను అరలోని చిత్రములను నకలు చేసికొనవలెను. కొన్ని తీగలు విద్యుత్తును మాత్రమే మోయును. ఫోను కంప్యూటరులో కనిపింపనిచో మొదట తీగను మార్చి చూడవలెను. ఐఫోనులో ఫోటోల అమరికలందు ‘కీప్ ఒరిజినల్స్’ అని యుంచినచో రూపము మారక దిగును. అందే ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ పెట్టియున్నచో ఫోనులో ఉన్నవి చిన్న ప్రతులే కావచ్చును. అసళ్లను ఐక్లౌడ్ నుండి తెచ్చుకొనవలెను. తీగ లేనప్పుడు వాట్సాప్‌లోనే చిత్రమును ‘డాక్యుమెంటు’గా పంపినచో కుదింపు జరుగదు.

దింపిన పిదప రెండుచోట్లను ఫైలు పరిమాణము సరిచూడవలెను. నాలుగు మెగాబైట్లు బయలుదేరి మూడువందల కిలోబైట్లు చేరినచో వచ్చినది చిక్కిన ప్రతియే. వేరొక డిస్కులో రెండవ నకలు పడువరకు ఫోనులోని అసలును తుడువరాదు.