నాలుగు వారాల చిట్టా

లినక్స్ సర్వర్లతో కాపురం చేసేవాళ్ళకి లాగ్‌రొటేట్ కాన్ఫిగరేషన్ ఫైలు తెలిసే ఉంటుంది. తెలియడమంటే అదొకటుందని తెలియడం, తెరిచి చూసేవాళ్ళు తక్కువే లెండి. చాలా డిస్ట్రిబ్యూషన్లలో అందులో ముందుగా కనబడేవి: వీక్లీ, రొటేట్ 4. అంటే వారానికొకటి చొప్పున నాలుగు పాత ఫైళ్ళు ఉంచి, ఐదోదాన్ని చెరిపేస్తుంది. మనం అడగం, అది చెప్పదు.

1980ల్లో బర్క్లీలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ రాశాడు. చిట్టా రాయడం వరకే దాని పని, ఫైలు ఎంత పెరిగినా దానికి పట్టదు. అందుకని అడ్మిన్లు క్రాన్‌లో చిన్న షెల్ స్క్రిప్టు పెట్టుకునేవాళ్ళు: 2ని 3గా, 1ని 2గా, 0ని 1గా పేరు మార్చడం. వెనకనుంచే మొదలెట్టాలి, లేదంటే పాతవన్నీ గల్లంతై ఒక్కటే మిగుల్తుంది.

అసలు తిరకాసు ఇంకోటుంది. యూనిక్స్‌లో తెరిచి ఉన్న ఫైలు పేరు మార్చినా డీమన్‌కి తెలీదు. అది పట్టుక్కూచున్నది ఐనోడ్‌ని కాబట్టి పాత ఫైల్లోనే రాసుకుంటూ పోతుంది. చెరిపేసినా అంతే, డిస్కులో చోటు ఖాళీ అవదు. దానికి హ్యాంగప్ సిగ్నల్ పంపి ఫైలు మళ్ళీ తెరిపించాలి. నిజానికి ఆ సిగ్నల్ పుట్టింది ఫోను లైను తెగిందని చెప్పడానికి. డీమన్లకి టెర్మినలే లేదు కదా, ఊరికే పడుందని ఇలా వాడేసుకున్నారు! నాకు యూనిక్స్‌లో ముచ్చటేసేది ఈ గడుసుతనమే.

తర్వాత ఎంఐటీ ఎథీనా ప్రాజెక్టులో థియొడోర్ చో (ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని నడిపించినాయనే) న్యూసిస్‌లాగ్ రాశాడు. 1990ల్లో రెడ్‌హ్యాట్‌లో ఎరిక్ ట్రోన్ లాగ్‌రొటేట్ రాశాడు. 1992లో వచ్చిన జీజిప్‌తో పాత ఫైళ్ళు కుదించుకునే వీలూ అందులో ఉంది. అన్నిటి ధ్యాసా ఒకటే, డిస్కు నిండకూడదు.

పాత చిట్టా విలువేంటో మాత్రం 1986లోనే తేలింది. లారెన్స్ బర్క్లీ లాబ్‌లో క్లిఫ్ స్టోల్‌కి అకౌంటింగ్‌లో 75 సెంట్ల తేడా కనబడింది. ఆ తీగ లాగితే పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో డొంక కదిలింది. దొంగకి సూపర్‌యూజర్ అధికారం చిక్కింది కాబట్టి లాగ్‌లు దిద్దేయగలడు. అందుకే స్టోల్ బయటినుంచొచ్చే లైన్లకి ప్రింటర్లు తగిలించి, వాడు కొట్టిన ప్రతి అక్షరమూ కాగితమ్మీద పడేలా చేశాడు. వేట దాదాపు ఏడాది సాగింది. మన 'రొటేట్ 4' లెక్కనైతే మొదటి నెల ఆధారాలు మధ్యలోనే హరించుకుపోయేవి.

ఇంతకీ ఇప్పుడెందుకంటారా? మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లని 180 రోజులు దాచాలి. నాలుగు వారాలంటే 28 రోజులు. ఆడిటర్ వచ్చాకో, ఎవడో చొరబడ్డాకో ఈ తేడా బయటపడితే చేయగలిగేదేమీ ఉండదు, చెరిగిన చిట్టా తిరిగి రాదు. వీక్లీ అలాగే ఉంచి రొటేట్ 26 అంటే 182 రోజులొస్తాయి. కుదించిన లాగ్‌లకి పట్టే చోటెంతని? కాకపోతే అదే సర్వర్లో ఉంచితే, రూట్ చిక్కినవాడు 26నీ ఒక్క కమాండుతో తుడిచేస్తాడు. స్టోల్ కాగితాల పని చేయడానికి ఒక కాపీ వేరే యంత్రానికి వెళ్ళాలి. ఆ యంత్రానికి రూట్ పాస్‌వర్డ్ మాత్రం వేరేది పెట్టండి.