అంగరంగభోగాలు: కాకతీయుల ఓరుగల్లులో భక్తి, వినోదం

పండుగ దినం దేవుడిదా, మనిషిదా అన్న ప్రశ్నను యూదు ధర్మవేత్తలు సూటిగా చర్చించారు. క్రీ.శ. మొదటి శతాబ్ది చివర, రెండవ శతాబ్ది తొలినాళ్లలో జీవించిన రబ్బీ ఎలియేజరు, రబ్బీ యెహోషువ ఈ విషయంలో చెరొక పక్షం వహించినట్లు బాబిలోనియా తల్మూదు తెలుపుతుంది. పండుగనాడు మనిషి తిని తాగుతూనైనా ఉండాలి, కూర్చుని ధర్మాధ్యయనమైనా చేయాలి, రెంటిలో ఒక్కటే అని మొదటివాని వాదం. దినాన్ని రెండుగా పంచి, సగం దేవునికి, సగం తనకు ఇవ్వాలని రెండవవాని తీర్పు. ఇద్దరూ ఆధారం చేసుకున్న ధర్మగ్రంథ వాక్యాలు అవే రెండు. ఒకటి పండుగను దేవునికి చెందిన సమావేశమంటుంది, మరొకటి 'మీకు' చెందినదంటుంది. తోరా లభించిన దినంగా భావించే షావువోత్ పండుగనాడు మాత్రం మనిషి భాగం ఉండి తీరవలసిందేనని ఇరుపక్షాలూ ఒప్పుకోవడం ఈ చర్చలో గమనించదగిన మలుపు.

తెలుగు నేలపై ఇటువంటి వివాదం శాస్త్రరూపంలో జరగలేదు. అయితే సమస్య లేదనలేము. కాకతీయ యుగానికి సంబంధించిన శాసనాలు, ఆలయ వాస్తువు, రెండు మూడు కావ్యాలు కలిపి చూస్తే ఓరుగల్లు ప్రాంతం దీనికి ఇచ్చుకున్న సమాధానం కనిపిస్తుంది. ఆ సమాధానం ఒక్క మాటలో ఉంది: భోగం.

శాసనభాషలో భోగం

ఆలయాలకు భూములు, సుంకాలు దానం చేసిన శాసనాలలో 'అంగరంగభోగములకు' అన్న పదబంధం పరిపాటిగా వస్తుంది. దేవునికి అభిషేకం, గంధం, పుష్పాలు, అలంకారం అంగభోగం. ఆయన ఎదుట మండపంలో జరిగే నృత్యగీతవాద్యాలు రంగభోగం. నైవేద్యానికి ఏర్పాటు ఎంత అవసరమో ఆటపాటలకు ఏర్పాటూ అంతే అవసరమని దాతలు భావించారు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడిలో గానీ, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిర్మించిన రామప్ప గుడిలో గానీ గర్భగృహానికి ముందు రంగమండపం ప్రధానస్థానంలో నిలవడానికి కారణం ఇదే. దేవుడు చూసేందుకు నర్తకి ఆడుతుంది. దేవుడు చూస్తున్నదాన్ని జనమూ చూస్తారు.

ఇక్కడ పంపకం కాలాన్నిబట్టి జరగలేదు. ఉదయం దేవునికి, మధ్యాహ్నం మనిషికి అన్న విభజన లేదు. భోగం మొదట దేవునిది, భక్తుడు దానిలో భాగస్వామి. ప్రసాదానికి వర్తించిన న్యాయాన్నే శాసనభాష నృత్యానికీ వర్తింపజేసిందనవచ్చు. రబ్బీ యెహోషువ రెండు సగాలుగా చూసినదాన్ని ఓరుగల్లు ఒకే వస్తువుకు రెండు ముఖాలుగా చూసింది.

గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో రచించిన నృత్తరత్నావళి ఈ దృష్టికి శాస్త్రగౌరవం కల్పించింది. ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు భరతుని మార్గపద్ధతికి, తరువాతి నాలుగు దేశికి కేటాయించాడు. జనం ఆడుకునే పేరణి, గొండలి వంటివాటిని శాస్త్రచర్చకు అర్హమైనవిగా ఒక సేనాధిపతి ఎంచడం సామాన్య విషయం కాదు.

రెండు కావ్యాలు

సాహిత్య చరిత్రలలో పాల్కురికి సోమనాథుని భక్తికి, క్రీడాభిరామాన్ని విలాసానికి ఉదాహరణలుగా వేరుచేసి చదవడం అలవాటైంది. ఈ విభజన పూర్తిగా నిలవదు. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శివరాత్రికి శ్రీశైలం చేరే యాత్రికుల వర్ణన. అంత కఠోర శైవుడైన కవి అక్కడ తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు పాడేవారినీ, బొమ్మలాటలనూ, గడలెక్కి ఆడేవారి విన్యాసాలనూ ఎంతో ఇష్టంగా పేర్కొంటాడు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. శివరాత్రి వ్రతానికి ఉపవాసం ఒక అంగం, జాగరణ మరొక అంగం. ఆకలితో ఉన్న వేలమంది కొండపై తెల్లవార్లూ మేలుకొని ఉండాలంటే పాట కావాలి, ఆట కావాలి. వినోదం లేకపోతే వ్రతమే సాగదు.

వినుకొండ వల్లభరాయని పేరిట ఉన్న క్రీడాభిరామం ఇందుకు అటువైపు నుంచి వస్తుంది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి అనుసరణగా వచ్చిన ఈ వీథిలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. పొట్టేళ్ల పోరు, కోడిపందెం చూస్తారు. ఒక్క రూకకు పూటకూటింట గోధుమపిండి వంటలు, పెసరపప్పు, కమ్మని నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగుతో భోజనం దొరుకుతుందని తెలుస్తుంది. ఇదంతా విలాసమే. కానీ అదే దారిలో ఏకవీర గుడి ఉంది, కాకతమ్మ ఉంది, నిప్పులపై నడిచే మైలారభటుల భయంకర భక్తి ఉంది, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ ఉంది. మిత్రులిద్దరూ ఒక దృశ్యం నుంచి మరొక దృశ్యానికి ఏ సంకోచమూ లేకుండా సాగిపోతారు. ఈ గ్రంథం 1323లో రాజ్యం పతనమైన తరువాతిదన్న సంగతి మరువరాదు. పోయిన నగరాన్ని తలచుకొనేవారు దాని భోగాన్ని కొంత పెంచే చెబుతారు.

ఆ మైలారదేవుడు నేటి మల్లన్న. వరంగల్లు సమీపాన ఐనవోలులో సంక్రాంతికి మొదలయ్యే జాతరలో ఒగ్గు కథ, పట్నం, బోనం కలిసే ఉంటాయి. కథ చెప్పడం పూజా, వినోదమా అని ఒగ్గు పూజారిని అడగడంలో అర్థం లేదు. మేడారంలోనూ అంతే. మాఘ పౌర్ణమి వేళ రెండేళ్లకొకసారి సమ్మక్క, సారలమ్మ గద్దెలకు చేరినప్పుడు భక్తుడు తన ఎత్తు బెల్లాన్ని 'బంగారం'గా సమర్పిస్తాడు. మొక్కు తీరాక కుటుంబమంతా చెట్ల కింద కోడినో మేకనో కోసి వండుకొని తింటుంది. దీన్ని కొందరు జాతర పవిత్రతకు లోపంగా భావించారు. నిజానికి ఆ భోజనం మొక్కులో భాగమే.

ఎవరి భోగం?

అయినా ఈ సమన్వయాన్ని ఆదర్శంగా పొగడి ఊరుకోవడం చరిత్రకారునికి తగదు. గణపతిదేవుడు 1199లో సింహాసనమెక్కిన కాలానికి ఈజిప్టులో జీవించి ఉన్న యూదు పండితుడు మైమోనిదీసు (మరణం 1204) పండుగ సంతోషానికి వేరొక కొలత చెప్పాడు. పిల్లలకు వేయించిన గింజలు, మిఠాయిలు, స్త్రీలకు బట్టలు, నగలు, పురుషులకు మాంసం, మద్యం ఉండవలసిందే. కాని వాకిలి మూసుకొని తన ఆలుబిడ్డలతో మాత్రమే తిని, బీదలకు పెట్టనివాని సంతోషం పొట్ట సంతోషమేనని ఆయన తేల్చాడు. అంటే ప్రశ్న ఎంత భోగమన్నది కాదు, ఎవరితో కలిసి అన్నది.

ఈ కొలతకు కాకతీయ సమాజం ఒకచోట నిలుస్తుంది. విశ్వేశ్వర శంభునికి రుద్రమదేవి మందడం గ్రామాన్ని ఇచ్చిన సంగతి తెలిపే 1261 నాటి మల్కాపురం శాసనం, అక్కడి సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు అందరికీ అన్నం పెట్టాలని శాసించింది. అదే శాసనంలో నర్తకులకు, మద్దెల వాయించేవారికి, గాయనులకు కూడా జీవనవృత్తులున్నాయి.

మరొకచోట నిలవదు. రంగభోగం చూసేవారికి పండుగ, ఆడే సానికి అది వృత్తి. ఆమె శ్రమకు భూమి దక్కింది, కొంత గౌరవమూ దక్కింది. ఆంధ్రదేశ శాసనాలలో 'సానిమున్నూరు' అనే నర్తకీ సమయం ఆలయ ధర్మాలకు బాధ్యత వహించడం కనిపిస్తుంది. స్వామిని అన్న అర్థంలో పుట్టిన ఆ 'సాని' మాట తరువాతి కాలంలో తిట్టయింది. దేవుని పేర వెలసిన 'భోగం' ఒక కులానికి పేరై, ఆ కులాన్ని కించపరిచే పదమైంది. దేవుని భోగంలో పాలుపంచుకున్న సమాజం ఆ భోగాన్ని అందించిన స్త్రీని మాత్రం వెలివేసింది. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 1988లోనూ చేసిన చట్టాలు ఆలయాలకు స్త్రీలను అంకితం చేయడాన్ని నిషేధించాయి. అది అవసరమే.

నటరాజ రామకృష్ణ నృత్తరత్నావళినీ, రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకొని పేరిణిని పునరుద్ధరించి, 1985 శివరాత్రికి రామప్ప గుడి ఎదుట ప్రదర్శింపజేశారు. శివరాత్రి జాగరణకు ఆట మళ్లీ వచ్చింది. అది పురుషుల వీరనృత్యంగా వచ్చింది. ఆయనే దేవదాసీ కళాకారిణుల నుంచి గ్రహించిన సంప్రదాయాన్ని ఆంధ్రనాట్యంగా వేదికకెక్కించారు. ఆ నృత్యాన్ని తరతరాలుగా కాపాడిన కుటుంబాల పిల్లలలో ఎందరు ఆ వేదికలపై నిలిచారన్నది వరంగల్లు, గోదావరి మండలాలలో ఇంకా సేకరించవలసిన మౌఖిక చరిత్ర.