వార్తా అక్షరాస్యత – ఆన్‌లైన్ పాఠాలు: అమెరికా అనుభవంపై చారిత్రక పరిశీలన

వార్తను పరీక్షించి చదవడం విద్యార్థులకు నేర్పాలన్న ఆలోచన అంతర్జాలంతో పుట్టినది కాదు. 1937లో న్యూయార్క్‌లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్రోపగాండా ఎనాలిసిస్ ప్రచారంలో వాడే ఏడు ఉపాయాలకు పేర్లు పెట్టి, వాటిని గుర్తించే పద్ధతిని పాఠశాలలకు అందించింది. రెండవ ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన తరువాత, 1942లో ఆ సంస్థ మూతపడింది. శత్రువు ప్రచారాన్ని గీసి చూసే గీటురాయిపై స్వదేశ ప్రచారాన్ని కూడా గీయక తప్పదు. యుద్ధకాలంలో అది ఏ ప్రభుత్వానికీ రుచించే విషయం కాదు.

ఈ ఆలోచన 21వ శతాబ్దపు తొలి దశాబ్దంలో పత్రికా రచయితల చేతుల్లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. న్యూస్‌డే మాజీ సంపాదకుడు హోవర్డ్ ష్నైడర్ స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో వార్తా అక్షరాస్యత బోధనకు రూపమిచ్చాడు. లాస్ ఏంజెలిస్ టైమ్స్‌లో పనిచేసి పులిట్జర్ బహుమతి పొందిన ఆలన్ మిల్లర్ 2008లో న్యూస్ లిటరసీ ప్రాజెక్టును స్థాపించాడు. తొలుత విలేకరులే తరగతి గదులకు వెళ్ళి పాఠం చెప్పేవారు. ఎంత మంచి పద్ధతైనా, ఒక విలేకరి ఎన్ని బడులకు వెళ్ళగలడు? ఈ పరిమితిని దాటడానికి 2016లో చెకాలజీ అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు దానిని ఉచితం చేశారు.

చరిత్ర విద్యార్థికి ఇంతకన్నా ఆసక్తికరమైన కథ స్టాన్‌ఫర్డ్‌లో నడిచింది. పత్రాన్ని చదివే ముందే దాని కర్త ఎవరు, ఎందుకు రాశాడు అని చరిత్రకారుడు ప్రశ్నిస్తాడని, విద్యార్థి ఆ పని చేయడని సామ్ వైన్‌బర్గ్ 1991లోనే చూపించాడు. బాహ్య విమర్శ, అంతర విమర్శ అంటూ మన పాఠ్యగ్రంథాలు చెప్పేది ఇదే. అయితే ఈ నైపుణ్యం వెబ్ పేజీ ముందు నిలుస్తుందా? వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ కలిసి 10 మంది చరిత్రకారులను, 10 మంది నిజనిర్ధారకులను, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను పరీక్షించారు. పిల్లల వైద్యుల సంఘాలుగా కనిపించే రెండు సంస్థల పేజీలు చూపి, ఏది నమ్మదగినదని అడిగారు. వాటిలో ఒకటి 1930 నుండి ఉన్న పెద్ద వృత్తి సంఘం. రెండవది స్వలింగ దంపతుల దత్తత విషయంలో విభేదించి 2002లో చీలిపోయిన చిన్న వర్గం.

చరిత్రకారులు చాలామంది పేజీని ఆసాంతం శ్రద్ధగా చదివారు. ముద్రలు, పాదసూచికలు, గంభీరమైన భాష చూసి తడబడ్డారు. నిజనిర్ధారకులు మాత్రం ఆ పేజీని దాదాపు చదవనే లేదు. వెంటనే కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. పరిశోధకులు దీనిని పార్శ్వ పఠనం అన్నారు. తాళపత్రం ముందు సద్గుణమైన ఓపిక ఇక్కడ బలహీనతగా మారింది. మూలాన్ని ప్రశ్నించాలన్న సూత్రం తప్పు కాదు. సమాధానాన్ని మూలంలోనే వెతకడం తప్పు.

విద్యార్థుల స్థితి మరింత ఆందోళనకరం. 2018–19లో జరిపిన జాతీయ సర్వేలో 3,446 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు, అమెరికాలో ఓట్ల మోసం జరిగిందని చెప్పే వీడియో ఒకటి చూపించారు. 52 శాతం మంది దానిని బలమైన సాక్ష్యమన్నారు. అది రష్యాలో తీసిన దృశ్యమని కనుగొన్నవారు ముగ్గురే. ఎదుట అంతర్జాలం ఉంది, వెతకవచ్చునన్న అనుమతీ ఉంది.

ఆన్‌లైన్ పాఠానికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాఠం కోసం ఎంచి పెట్టిన ఉదాహరణలలో సరైన జవాబు నొక్కడం ఒక విద్య. పేజీ విడిచి బయటికి వెళ్ళి వెతకడం మరొక విద్య. మొదటిది సాధించినవారికి రెండవది అబ్బిందనుకోలేము. స్టాన్‌ఫర్డ్ బృందం సివిక్ ఆన్‌లైన్ రీజనింగ్ పేరిట ఉచితంగా ఇచ్చిన పాఠాలలో విద్యార్థిని నేరుగా బహిరంగ వెబ్‌లోకే పంపారు. 2022లో వెలువడిన క్షేత్ర అధ్యయనం ప్రకారం, 50 నిమిషాల పాఠాలు ఆరు విన్న ఉన్నత పాఠశాల విద్యార్థులు, వినని వారికన్నా ఆధారాలను మెరుగ్గా అంచనా వేయగలిగారు. ఆ పాఠాలు చెప్పినది బయటి నిపుణులు కాదు, ఆ బడులలో పౌరశాస్త్రం బోధించే ఉపాధ్యాయులే.