ఐదొందల మైళ్ళు దాటని మెయిల్

"మా డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్స్ బయటికి పోవడం లేదు," అన్నారు ఫోన్‌లో స్టాటిస్టిక్స్ శాఖాధిపతి.

"ఏం జరుగుతోంది?"

"ఐదొందల మైళ్ళు దాటి వెళ్ళడం లేదు."

ట్రే హారిస్‌కి తాగుతున్న కాఫీ పొలమారింది. "మళ్ళీ చెప్పండి?"

"సరిగ్గా ఐదొందలని కాదు. ఇంకొంచెం ఎక్కువే. ఐదొందల ఇరవై అనుకోండి. ఆపైన మాత్రం ఒక్కటీ పోవడం లేదు."

1990ల మధ్యనాటి సంగతి ఇది. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో రాలీ, డరమ్, చాపెల్ హిల్ ఊళ్ళున్న ప్రాంతాన్ని రీసెర్చ్ ట్రయాంగిల్ అంటారు. అక్కడి ఒక యూనివర్సిటీలో క్యాంపస్ మొత్తానికీ మెయిల్ వ్యవస్థను చూసుకునే ఉద్యోగి హారిస్. జరిగినదాన్ని ఆయనే 2002 నవంబరులో తోటి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు రాసి చెప్పాడు. విసుగు పుట్టించే వివరాలు వదిలేశానని, ఒకటి రెండు చోట్ల మార్పులు చేశానని అందులోనే ఒప్పుకున్నాడు. ఇక్కడి సంభాషణలు ఆ కథనం ఆధారంగా తెలుగులో మళ్ళీ అల్లినవి.

మెయిల్ సర్వర్లతో ఒక్క వారం కుస్తీ పట్టినవాళ్ళెవరైనా ఆ మాటకు తెల్లబోవాల్సిందే. మెయిల్‌కు దూరంతో నిమిత్తం లేదు. పంపే సర్వర్ చిరునామా చూసుకుంటుంది, అవతలి సర్వర్‌ని పిలుస్తుంది, అది పలికితే ఉత్తరం అప్పజెబుతుంది. అవతలిది పక్క బిల్డింగులో ఉన్నా సముద్రాల అవతల ఉన్నా చేసే పని ఒకటే.

హారిస్ గొంతు సవరించుకున్నాడు. "మెయిల్ అలా పనిచెయ్యదండీ. మీకెందుకలా అనిపించింది?"

"అనిపించడం కాదు. కొన్ని రోజులుగా చూస్తున్నాం."

"కొన్ని రోజులా? ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు?"

"అప్పటికింకా డేటా చాలలేదు. ఇప్పుడు సరిపడా వచ్చింది. మా జియోస్టాటిస్టిక్స్ ఆవిడకి అప్పగిస్తే మ్యాప్ గీసి ఇచ్చింది. ఐదొందల మైళ్ళు దాటి కాస్త దూరం వరకు ఒక వృత్తం వచ్చింది. దాని లోపల కూడా కొన్ని చోట్లకి అందడం లేదు. కొన్ని చోట్లకి ఒకసారి పోతే ఇంకోసారి పోదు. వృత్తం బయటికి మాత్రం ఇంతవరకూ ఒక్కటంటే ఒక్కటి పోలేదు."

మామూలుగా వచ్చే ఫిర్యాదులు ఇలా ఉండవు. "మెయిల్ పని చెయ్యట్లేదు, కాస్త చూడండి" అంటారు, అంతే. ఎవరికి పంపారు, ఎప్పుడు పంపారు, ఏం సందేశం వచ్చిందని అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఇక్కడున్నది గణాంక శాస్త్రవేత్తలు. వాళ్ళు కారణం జోలికి పోలేదు. ఏది పోయింది, ఏది పోలేదు అన్నది మాత్రం కొలిచి, కూడి, పటం మీద పెట్టారు.

హారిస్ ఆఖరి ప్రశ్న వేశాడు. "ఇది మొదలయ్యే ముందు మీ సర్వర్‌లో ఏమైనా మార్చారా?"

"కన్సల్టెంట్ వచ్చి ప్యాచ్‌లు వేసి రీబూట్ చేశాడు. ఫోన్ చేసి కనుక్కున్నాను. మెయిల్ జోలికే పోలేదన్నాడు."

నగరం తర్వాత నగరం

హారిస్ ఆ డిపార్ట్‌మెంట్ సర్వర్‌లోకి లాగిన్ అయి పరీక్షలు మొదలుపెట్టాడు. మొదట తన మెయిల్‌బాక్స్‌కే పంపుకున్నాడు. వచ్చింది. రిచ్‌మండ్‌కి పంపాడు, అందింది. అట్లాంటా, వాషింగ్టన్‌లకూ అందింది. ప్రిన్స్‌టన్ 400 మైళ్ళు. అదీ అందింది.

తర్వాత మెంఫిస్. 600 మైళ్ళు. పోలేదు. బోస్టన్‌కి పోలేదు. డెట్రాయిట్‌కీ పోలేదు. ఇక దూరం కుదిస్తూ వచ్చాడు. న్యూయార్క్ 420 మైళ్ళు, అందింది. ప్రావిడెన్స్ 580 మైళ్ళు, అందలేదు.

తన బుద్ధి మీదే తనకు అనుమానం వచ్చింది. ఉత్తర కరోలినాలోనే ఉండే ఒక స్నేహితుడికి పంపి చూశాడు. మనిషి ఉండేది అదే రాష్ట్రంలో, అతని మెయిల్ సర్వర్ ఉండేది సియాటిల్‌లో, దేశానికి ఆ చివర. ఆ మెయిల్ కూడా పోలేదు. హారిస్ ఊపిరి పీల్చుకున్నాడు. చదివే మనిషి ఉన్న చోటుతో పని లేదు, ఉత్తరం అందుకునే యంత్రం ఉన్న చోటే లెక్క. పరిస్థితి ఎంత వింతగా ఉన్నా, యంత్రాల మధ్య దూరమే అసలు విషయమని ఆ ఒక్క పరీక్ష తేల్చింది.

మిగిలింది కాన్ఫిగరేషన్ ఫైలు. మెయిల్ పంపే ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్. బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన ఆ ప్రోగ్రామ్ 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో బయటికొచ్చి, ఏళ్ళ తరబడి ప్రపంచం ఉత్తరాల్లో పెద్ద భాగాన్ని మోసింది. దాని సెట్టింగుల ఫైలును హారిస్ తన దగ్గరున్న ప్రతితో వరస వరసగా పోల్చి చూశాడు. ఒక్క అక్షరం తేడా లేదు. ఆయన రాసిన ఫైలే అది. ఐదొందల మైళ్ళు దాటితే ఆపేయమని చెప్పే సెట్టింగు అందులో ఉండే అవకాశమే లేదు.

దారి తోచక టెల్నెట్‌తో నేరుగా ఆ సర్వర్ మెయిల్ పోర్టును తట్టాడు. సర్వర్ మర్యాదగా పలకరించింది. ఆ పలకరింపు వాక్యంలోనే ప్రోగ్రామ్ పేరు, వెర్షన్ ఉంటాయి. అక్కడ కనబడింది సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ సన్ఓఎస్‌తో వచ్చే సెండ్‌మెయిల్, అంటే అయిదో వెర్షన్. హారిస్ క్యాంపస్ అంతటా పెట్టింది ఎనిమిదో వెర్షన్.

చిక్కుముడి అక్కడ వీడింది.

చెప్పకుండా వదిలేసిన వరసలు

కన్సల్టెంట్ అబద్ధమాడలేదు. ఆయన మెయిల్‌ని తాకలేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేశాడు. ఆ అప్‌గ్రేడే సెండ్‌మెయిల్‌ని ఎనిమిది నుంచి అయిదుకు దించేసింది. సెట్టింగుల ఫైలును మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేసింది. అంటే కొత్త ప్రోగ్రామ్ కోసం రాసిన ఫైలును పాత ప్రోగ్రామ్ చదువుతోంది.

పాత వెర్షన్‌లో ఆప్షన్లకు ఒంటి అక్షరాల పేర్లుండేవి. వాటిని చూసి ఏది దేనికో గుర్తుపెట్టుకోవడం కష్టం. ఎనిమిదో వెర్షన్‌లో చూడగానే అర్థమయ్యే పొడుగు పేర్లు వచ్చాయి. తర్వాత వచ్చేవాళ్ళకు సులువుగా ఉంటుందని హారిస్ ఆ పొడుగు పేర్లే వాడాడు. సన్ ఇచ్చిన అయిదో వెర్షన్ ఫైలులో తెలిసిన నియమాలను చదువుకుంది. తెలియని పొడుగు పేర్లను చెత్త కింద జమకట్టి దాటిపోయింది. తప్పని చెప్పలేదు, హెచ్చరించలేదు, ఆగలేదు. ఆ సెట్టింగుల్లో చాలావాటికి దాని దగ్గర సొంత విలువలు కూడా లేవు. కాబట్టి అవన్నీ సున్నా అయ్యాయి.

అలా సున్నా అయినవాటిలో ఒకటి, అవతలి సర్వర్ పలికేదాకా ఎంతసేపు ఆగాలన్న గడువు.

గడువు సున్నా అయినా యంత్రం ఆ క్షణంలోనే వదిలెయ్యదు. తన పనుల మధ్య గడియారం చూసుకునేందుకు దానికీ కొంత సమయం పడుతుంది. ఆ సర్వర్ మీద మామూలు భారం ఉన్నప్పుడు అది మూడు మిల్లీసెకన్ల పైచిలుకని హారిస్ ప్రయోగం చేసి కనుక్కున్నాడు. పైగా ఆ క్యాంపస్ నెట్‌వర్క్ అంతా స్విచ్చులతోనే నడిచేది, మధ్యలో ఆలస్యం చేసే రౌటర్లు లేవు. బయటికెళ్ళే సందేశం ప్రయాణ కాలంలో ఎక్కువ భాగం వట్టి దూరానిదే.

యూనిక్స్‌లో కొలమానాలు మార్చే యూనిట్స్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. మూడు మిల్లీసెకన్లలో కాంతి ఎన్ని మైళ్ళు పోతుందని హారిస్ దాన్ని అడిగాడు. 558 మైళ్ళ పైచిలుకని జవాబొచ్చింది. అంటే దాదాపు 900 కిలోమీటర్లు.

ఐదొందల మైళ్ళు, ఇంకొంచెం ఎక్కువ. శాఖాధిపతి మొదటే చెప్పిన మాట.

ఈ లెక్కను అక్షరాలా పట్టుకుంటే చిక్కులున్నాయి. శూన్యంలో కాంతి సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు వెళితే, గాజు తీగలో దాదాపు రెండు లక్షలే వెళుతుంది. అదీగాక కనెక్షన్ కుదరాలంటే పిలుపు వెళ్ళి, జవాబు తిరిగి రావాలి. కాబట్టి 558 అన్న అంకె అంత అందంగా కలవడం కంటే దాని వెనకున్న నియమం ముఖ్యం. గడువు నిమిషాల్లో ఉన్నంతకాలం భూమ్మీద ఏ దూరమైనా లెక్కలోకి రాదు. అదే మిల్లీసెకన్లకు కుంచించుకుపోతే కాంతి వేగమే హద్దు గీస్తుంది. వృత్తం లోపల కొన్ని మెయిల్స్ ఎందుకు తప్పిపోయేవో కూడా దీనితోనే తెలుస్తుంది. అవతలి సర్వర్ పనిలో ఉండి జవాబుకు రవ్వంత తడబడినా, దారిలో ఒక రౌటర్ కాసింత ఆలస్యం చేసినా ఆ గడువు దాటిపోతుంది.

ఇంట్లో లైనక్స్ ఉన్నవాళ్ళకు

ఈ కథ ఒక యూనివర్సిటీ సర్వర్‌ది. ఇలాంటి చిక్కు మాత్రం నేడు ఇంట్లో లైనక్స్ పెట్టుకుని, రాత్రి బ్యాకప్ అయిందో లేదో మెయిల్ రావాలని కోరుకునే చాలామందికి ఎదురయ్యేదే. కంప్యూటర్‌లో ఒక యూజర్ నుంచి ఇంకో యూజర్‌కు మెయిల్ చక్కగా పోతుంది, గడప మాత్రం దాటదు. అక్కడా ఒక వృత్తం ఉంది, కాకపోతే దాని హద్దు ఇంటి మోడెం.

ఇక్కడ దోషి దూరం కాదు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ళ నుంచి 25వ నంబరు పోర్టు మీదుగా బయటికెళ్ళే మార్గాన్ని మూసేస్తాయి. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు స్పామ్ కుమ్మరించకుండా చేసిన ఏర్పాటు అది. మెయిల్‌క్యూ అని కొడితే ఆగిపోయిన ఉత్తరాలు, పక్కనే కారణం కనిపిస్తాయి. కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని వరసగా ఉంటే ముందు ఈ మూసిన తలుపునే అనుమానించాలి. మెయిల్ అప్పజెప్పడానికి విడిగా 587వ నంబరు పోర్టును 1998లోనే కేటాయించారు. మన మెయిల్ సంస్థ సర్వర్‌ని రిలేగా పెట్టి, ఆ పోర్టులో లాగిన్ అయి పంపడమే దారి. జీమెయిల్ వాడేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. వ్యక్తిగత ఖాతాల్లోకి బయటి ప్రోగ్రాములు వట్టి పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

అప్‌గ్రేడ్ ప్రమాదం కూడా నేటికీ అలాగే ఉంది. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, మీరు మార్చిన సెట్టింగుల ఫైలును ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. తేడాలు చూపించే అవకాశం కూడా అక్కడే ఇస్తుంది. ఎంటర్ నొక్కేసి ముందుకు పోకుండా ఆ తేడాలు చదవాలి. నేడు చాలామంది వాడే పోస్ట్‌ఫిక్స్‌లో పోస్ట్‌కాన్ఫ్ అనే ఆదేశం ఉంది. సెట్టింగుల ఫైలులో ఎక్కడా వాడకంలో లేని పేరు కనబడితే అది పేరు పెట్టి మరీ హెచ్చరిస్తుంది. ఆ రోజు సెండ్‌మెయిల్ చెయ్యనిది అదే. పోస్ట్‌ఫిక్స్‌లో కనెక్షన్ గడువు మామూలుగా 30 సెకన్లు. అక్కడ సున్నా పెడితే అసలు ఆగవద్దని అర్థం కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ తన గడువు తాను వాడుకోవచ్చని అర్థం. అంకె ఒకటే అయినా రెండు ప్రోగ్రాములు దాన్ని రెండు రకాలుగా చదువుకుంటాయి. అందుకే సెట్టింగుల ఫైలును దాన్ని చదివే ప్రోగ్రామ్ వెర్షన్‌తో కలిపే చూడాలి.

ఈ కథలో నేను అన్నిటికంటే గౌరవించేది ఆ డిపార్ట్‌మెంట్‌ని. వాళ్ళకు సెండ్‌మెయిల్ తెలియదు. తెలిసిన నిపుణుడు ఇది జరగదని అన్నాడు. అయినా వాళ్ళు తగ్గలేదు, ఎందుకంటే చేతిలో కొలతలున్నాయి. హారిస్ గొప్పతనం కూడా అక్కడే ఉంది. నమ్మకపోయినా ఫోన్ పెట్టెయ్యలేదు. కూర్చుని నగరం తర్వాత నగరానికి పంపి చూశాడు. తెలిసినవాడు కాదంటున్నాడని తెలియనివాడు తన కళ్ళతో చూసినదాన్ని దాచుకున్నా, తెలియనివాడి మాటేమిటని తెలిసినవాడు కొట్టిపారేసినా ఆ సున్నా ఎన్నాళ్ళయినా అక్కడే ఉండేది.

మీ కంప్యూటర్ నుంచి మెయిల్ పోవడం మానేసిన రోజున, సెట్టింగులు కెలకబోయే ముందు ఒక కాగితం తీసుకోండి. ఎక్కడికి పోయింది, ఎక్కడికి పోలేదు, ఎప్పటినుంచి, అంతకుముందు ఏం మారింది, లాగ్‌లో ఏ మాట ఉంది, అన్నీ రాయండి. రాసినదాంట్లో ఏదైనా అసంభవంగా అనిపిస్తే దాన్ని కొట్టెయ్యకండి, కింద గీత గీయండి. వెతకడం అక్కడినుంచే మొదలుపెట్టండి.